మేనమామ కప్పు మీది తెరచాప

ఆ ఏడు హానెకె ఒక్కతే దిగింది.

ప్రతి ఏడూ మొగుడూ పెళ్లాం ఇద్దరూ దిగేవాళ్లు. ముందు వీమ్, వెనకాల ఆవిడ. ఆయన చేతిలో పనిముట్ల పెట్టె, ఆవిడ చేతిలో ఆయన టోపీ. ఫిజీలో మా సవుసవు విమానాశ్రయం అంటే గడ్డిలో ఒక గీత, పక్కన ఒక షెడ్డు. ఎవరు దిగారో ఎవరు దిగలేదో అందరికీ కనిపిస్తుంది. ఆ చిన్న విమానం తలుపు మూసేశారు. ఆవిడ చేతిలో టోపీ మాత్రం ఉంది.

నా మొగుడు వైసాకె ఇంకా ఆ తలుపుకేసే చూస్తున్నాడు.

"వీమ్ ఏడీ మేడమ్? సామాను దింపుకుంటున్నాడా?"

"వీమ్ పోయాడు వైసాకె, క్రిస్మస్ ముందు" అంది ఆవిడ, బస్సు తప్పిపోయిందని చెప్పినంత మామూలుగా. "పదండి, మార్తాని చూద్దాం. గాలి తిరిగాక నేను వనువాటు వెళ్లిపోవాలి. మేమిద్దరం అనుకున్న దారే."

మార్తా వాళ్ల తెరచాప పడవ. వీమ్ తన తల్లి పేరు పెట్టుకున్నాడు. తుఫాను నెలల్లో మేం పనిచేసే పడవల యార్డులో గొయ్యి తవ్వి, పడవని నడుం లోతు దించి, చుట్టూ పాత టైర్లు కుక్కి, తమ దేశం వెళ్లిపోయేవాళ్లు. వైసాకె దానికి కాపలా. గీకడం, రుద్దడం, రంగు వేయడం నా పని. పెళ్లయిన దగ్గర్నుంచీ మా ఇద్దరి కూడూ ఆ యార్డులోదే.

టోపీ చూసి నాకు ఏడుపొచ్చింది. వీమ్ మంచివాడు. కానీ ఆ ఏడుపు కంటే ముందు నా గుండెల్లో రాయి పడింది, అది వేరే సంగతికి. మార్తా పెద్ద తెరచాప మా ఇంట్లో ఉండాలి. లేదు.

ఎందుకు లేదో చెప్పాలంటే నా మొగుడి సంగతి చెప్పాలి. వైసాకె చేతికి ఎముక లేదు. మా వాళ్లలో ఎవరైనా గుమ్మంలో కూర్చుని 'కేరెకేరె' అని అడిగితే ఇవ్వాలి, లేదనకూడదు. అది అందరికీ ఉన్న మర్యాదే. అందరూ కాస్త తెలివిగా బతుకుతారంతే. మంచి గొడ్డలి మంచం కింద దాచి, మొండి గొడ్డలి గుమ్మంలో పెడతారు. ఈయన అలా కాదు. అడిగేవాళ్ల నోట్లో మాట పూర్తి కాకముందే లేచి తెచ్చి చేతిలో పెడతాడు. రేడియో అలాగే పోయింది. నా కుట్టుమిషను అలాగే పోయింది. నా ప్రెషర్ కుక్కర్ అయితే పక్కింటి అలెసి పొయ్యి మీదే కాపురం చేసింది. నేను పప్పు ఉడకేసుకోవాలంటే నా కుక్కర్ని నేనే వెళ్లి కేరెకేరె అడగాలి. ఇన్నేళ్లు అరిచి అరిచి నాకే విసుగొచ్చి మానేశాను.

గోతిలో ఉన్న పడవలో తెరచాప వదిలేస్తే బూజు పట్టి కుళ్లిపోతుంది. అందుకని వీమ్ ప్రతి ఏడూ దాన్ని మడిచి, మా ఇంటి దూలాల మీద పెట్టించి వెళ్లేవాడు. ఆ ఫిబ్రవరిలో మా అత్తగారు పోయారు. వాన. చావుకి వచ్చినవాళ్లని కూర్చోబెట్టడానికి పందిరి వేయాలి, ఊరి టార్పాలిన్లని జనవరి గాలివాన చీరేసింది. వైసాకె పెదనాన్న ఎసెకాయా మా ఇంట్లోకొచ్చి పైకి చూశాడు. "కేరెకేరె రా అబ్బాయ్, ఆ తెల్లది..." అన్నాడు. అంతే, మా ఆయన అప్పటికే నిచ్చెన మీదున్నాడు.

పందిరి వేసినందుకు నేనేమీ అనను. చచ్చిపోయింది ఆయన తల్లి, అత్తగారంటే నాకూ ప్రాణమే. ఆ తర్వాత జరిగిందే అసలు గొడవ. అత్తగారి పుట్టింటివాళ్లు తవెయూని దీవి నుంచి వచ్చారు. ఆడపిల్లని మనకిచ్చినవాళ్లు, తిరిగి వెళ్లేటప్పుడు వాళ్ల చేతులు నిండాలి. చాపలు గుట్టగా పేర్చారు. ఎవరో బుద్ధిమంతుడు పందిరి విప్పి, తెరచాపని చక్కగా మడిచి, ఆ చాపల గుట్ట మీద పెట్టాడు. ఎసెకాయా పెదనాన్న పెద్ద కట్నాలకి పట్టే తిమింగలం పన్ను చేతిలో పట్టుకుని, ఆ గుట్టంతా వాళ్లకి అప్పజెప్పేశాడు. నేను వంటల దగ్గర చేమదుంపలు తీస్తున్నాను. వచ్చేసరికి ట్రక్కు కదిలింది.

"నువ్వక్కడే ఉన్నావు కదా! చూస్తూ కూర్చున్నావా?" అని వైసాకె మీద పడ్డాను.

"పెదనాన్న మాట్లాడుతున్నాడు తోరికా. మధ్యలో లేచి అది మనది కాదని ఎలా అంటాను?"

"తర్వాతైనా చెప్పచ్చుగా?"

"పన్ను పట్టుకుని ఇచ్చింది వెనక్కి ఎలా అడుగుతాం?"

"మరి వీమ్ వస్తే ఏం చెప్తావు?"

"రానీ, చూద్దాం" అన్నాడు. వీమ్ రాలేదు. ఆవిడ వచ్చింది.

* * *

గోతిలోంచి పైకి తీసి దిమ్మెల మీద నిలబెట్టాక మార్తా అవతారం చూడలేకపోయాం. కడుపు నిండా పాత రంగు పొలుసులు, చుక్కాని దగ్గర గవ్వలు, లోపలంతా బూజు. తెరచాప కొయ్యకి కందిరీగలు గూడు పెట్టాయి. ఎవరైనా దాన్ని చూస్తే అమ్ముకుని ఇంటికి పోదాం అనుకుంటారు. హానెకె చేతులకి తొడుగులు వేసుకుని, ముఖానికి గుడ్డ కట్టుకుని, మర్నాడు తెల్లారేసరికి పడవ కింద పడుకుని గీకుతోంది.

ఇద్దరం పక్కపక్కనే వెల్లకిలా పడుకుని రుద్దేవాళ్లం. నీలం పొడి కళ్లల్లో పడేది, చెవుల్లో పడేది, మధ్యాహ్నం తినే కర్రపెండలం కూడా నీలంగానే ఉండేది. ఒళ్లు హూనమైపోయేది. నాకిది జీతం. ఆవిడకేమిటో నాకర్థమయ్యేది కాదు. అరవై దాటిన మనిషి, పని చేసినంతసేపూ నోరు మెదపదు. సాయంత్రం గొట్టం కింద చేతులు కడుక్కుంటూ "ఇవాళ్టికి చాలు" అంటుంది. ఆ మాట కూడా పెద్దావిడ అలసిపోయి అన్నట్టుండదు, ఎవరికో లెక్క చెప్పినట్టుంటుంది.

యార్డు మేనేజరు లచ్మన్ భాయ్ రోజుకోసారి వచ్చి చూసి పోయేవాడు.

"అన్నీ ఉన్నాయా మేడమ్? సామాను ఏదీ తగ్గలేదుగా?" అని ఆవిణ్ణి అడిగి, వైసాకె కేసి తిరిగి, "ఏం వైసాకె, నీ ఇల్లు ధర్మసత్రం అని ఊళ్లో చెప్పుకుంటున్నారు. పడవల వాళ్ల సామాను మీద అలాంటి ధర్మాలు చేశావంటే మాత్రం గేటు బయటే ఉంటావు" అన్నాడు నవ్వుతూనే. ఆయన నవ్వుతూ అన్నవే నిజం మాటలు. యార్డులో కాపలా పనికి నమ్మకం తప్ప ఇంకో పెట్టుబడి లేదు. అది పోతే మా ఇద్దరికీ ఈ తీరం మీద పని దొరకదు.

వైసాకె టైర్లు ఎత్తి పక్కకి పేర్చడం మొదలుపెట్టాడు.

అడుగు రంగు రెండో పూత వేస్తున్నప్పుడు నేను మెల్లిగా కదిపి చూశాను.

"ఆ తెరచాప బాగా పాతదయిందిగా? మీరు కొత్తది కుట్టించుకుంటే హాయి కదా."

ఆవిడ కుంచె ఆపింది.

"తోంగా దగ్గర అది చిరిగింది, గుర్తుందా? నీకు చూపించాను. వీమ్ సూది పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకి కుట్టడం రాదు. ఒక్కో కుట్టుకి ఒక్కో బూతు. ఆ మాసిక చూస్తే ఎవరైనా నవ్వుతారు" అంది. తర్వాత మళ్లీ రంగు వేస్తూ అంది, "కొత్తది నాకొద్దు తోరికా. ఆయన చేత్తో చేసింది ఆ మాసికొక్కటే మిగిలింది. మిగతావన్నీ పిల్లలు పంచేసుకున్నారు."

నేను కుంచె మళ్లీ రంగులో ముంచాను.

* * *

పనులన్నీ ఒక్కొక్కటే అయిపోతున్నాయి. తీగలు బిగించాం. లంగరు గొలుసు రుద్దాం. చివరికి ఆవిడ అననే అంది. "రేపు తెరచాప తెచ్చేయండి."

ఇంటికెళ్లి నేను వంట కూడా మొదలుపెట్టలేదు. గుమ్మంలోనే పట్టుకున్నాను ఆయన్ని.

"ఇప్పుడు చెప్పు. ఏం చేద్దాం?"

"పెదనాన్నని పంపుదాం..."

"పెదనాన్నని పంపితే ఇంకో తెరచాప ఇచ్చి వస్తాడు! నువ్వెళ్లు. నువ్వు ఆ ఊరికి వాసువి కాదా? ఆ ఊరి ఆడపడుచు కొడుకువి. మేనల్లుడు మేనమామ ఊళ్లో దేని మీద చెయ్యేస్తే అది వాడిది. పందైనా, పడవైనా, మామ తొడుక్కున్న చొక్కా అయినా. ఎవరూ కాదనరు. నీ వయసువాళ్లంతా మామల ఊళ్ల మీద పడి దోచుకొచ్చారు. నువ్వు ఒక్క కొబ్బరికాయ తెచ్చావా?"

"నాకు తీసుకోవడం చేతకాదే."

"అదే నా ఏడుపు! ఇవ్వడం ఒక్కటే వచ్చు. అది నీదైనా, ఊరివాళ్లదైనా, చచ్చిపోయినవాడిదైనా!"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆయన మెట్టు మీద కూర్చుండిపోయాడు. నాకు కోపం తగ్గలేదు గానీ జాలి కూడా వేసింది. రెండూ ఒకేసారి మోయడం నాకు కొత్తేం కాదు.

పొద్దున్నే యార్డుకెళ్లి నేనే చెప్పేశాను. పందిరి దగ్గర్నుంచి ట్రక్కు దాకా ఏదీ దాచలేదు. హానెకె చేతిలో ఉన్న గుడ్డతో ఒకే చోట తుడుస్తూ వింది.

"దానికి బదులు వాళ్లేం ఇచ్చారు?"

"ఏమీ ఇవ్వలేదు. మేమే ఇచ్చాం."

"నాది."

"అవును. మీదే."

ఆవిడ అరుస్తుందని చూశాను. లచ్మన్ భాయ్‌ని పిలుస్తుందని చూశాను. ఆవిడ గుడ్డ పిండి తీగ మీద ఆరేసింది.

"ఎక్కడికెళ్లాలి?" అంది.

"తవెయూని. బస్సు, దాని తర్వాత లాంచీ. వైసాకె వెళ్తాడు లెండి."

"నేనూ వస్తాను."

"ఖాళీ చేతులతో వెళ్లకూడదు" అన్నాను. "నూరి నీళ్లలో కలిపి తాగే యంగోనా వేళ్లు మేం కొంటాం. మీరు పడవ మీద కప్పే టార్పాలిన్ పట్టుకురండి. ఎందుకైనా మంచిది."

* * *

తవెయూనిలో దిగేసరికి వాన. ఆ దీవిలో వాన లేని రోజు నేను చూడలేదు. వైసాకె మేనమామ అపిసాయ్ ఇల్లు చర్చి వెనకాల, వాలు మీద. ఆ ఇంటిని చూడగానే ముగ్గురం ఆగిపోయాం.

జనవరి గాలివాన ఆ ఇంటి రేకుల్ని సగం ఎగరేసుకుపోయింది. ఆ సగం మీద మార్తా తెరచాప ఉంది. నాలుగు మూలలా కొబ్బరితాళ్లతో బిగించి, మధ్యలో నీళ్లు నిలవకుండా ఒక గెడ ఎత్తి పెట్టారు. ఎంతో శ్రద్ధగా కట్టారు. వాన దాని మీద పడి జారిపోతోంది.

"అయ్యో దేవుడా" అన్నాడు వైసాకె. "మామ దాని కింద పడుకుంటున్నాడే!"

లోపలికెళ్లి కూర్చున్నాం. యంగోనా వేళ్లు ముందు పెట్టి, వచ్చామని చెప్పుకున్నాం. ముసలాయన చేతులతో వాటిని తాకి, చప్పట్లు కొట్టి, కలపమన్నాడు. చిప్పలు తిరగడం మొదలైంది. మాకూ ఇచ్చారు. అందరూ అత్తగారి చిన్నప్పటి కబుర్లు చెప్తున్నారు. వైసాకె తల వంచుకుని తాగుతున్నాడు, మళ్లీ తాగుతున్నాడు, నోరు తెరవడం లేదు. నేను వెనకనుంచి మోకాలితో పొడిచాను. కదల్లేదు. ఇంక చాపలోంచి ఒక పోగు లాగి తెంపుతూ కూర్చున్నాను, లేకపోతే అక్కడే అరిచేసేదాన్ని.

హానెకె మాత్రం పైకే చూస్తోంది. ఆ మాసిక సరిగ్గా ముసలాయన పడుకునే చోటికి పైనుంది. లోపలినుంచి చూస్తే కుట్లన్నీ కనిపిస్తున్నాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి పక్కకి పోయింది.

అపిసాయ్ మామ ఆవిడ చూపు పట్టుకున్నాడు.

"ఈ తెల్లావిడ నా కప్పుకేసి అలా చూస్తోందేంట్రా వైసాకె?"

ఈయన చిప్పలోకే చూస్తున్నాడు. ఇంక నేనే అన్నాను. "మామా, అది వాళ్ల పడవది. మా ఇంట్లో దాచుకున్నారు. చాపల్లో కలిసి మీకొచ్చేసింది."

ముసలాయన చిప్ప కింద పెట్టి వైసాకె కేసి చూశాడు.

"అయితే నువ్వు అడగడానికొచ్చావా?"

"కాదు మామా... అంటే... వాన పడుతోంది కదా, మీరు..."

"నువ్వెవడివిరా నన్ను అడగడానికి? నా అక్క కొడుకువి! వాసువి! వాసు వస్తే అడుగుతాడా? పీక్కుపోతాడు! మీ అమ్మ బతికున్నన్నాళ్లూ నాతో అనేది, తమ్ముడూ, నా కొడుకు మీ ఊరొచ్చి ఒక్క కోడినైనా ఎత్తుకుపోవడం లేదు, నన్ను మీరు మర్చిపోయారనుకుంటున్నాడేమో అని. నాకెంత తలవంపో తెలుసా? లే! ఎక్కు!"

వైసాకె లేచాడు. ముఖం ఎర్రబడిపోయింది. నిచ్చెన ఎవరో అప్పటికే తెచ్చేశారు.

ఆయన పైకెక్కి మొదటి తాడు విప్పాడో లేదో, చుట్టుపక్కల ఇళ్లలోంచి ఆడవాళ్లు వానలో పరిగెత్తుకొచ్చారు. "దొంగ! దొంగొచ్చాడు! మామ కొంప పీకేస్తున్నాడు చూడండర్రా!" అని ఒకటే కేకలు, నవ్వులు. "ఇన్నేళ్లకి దారి తెలిసిందా బావా?" అని ఒకత్తె. "రేకులు కూడా పట్టుకుపో, మీ ఆవిడకి వడ్డాణం చేయించు!" అని ఇంకొకత్తె. కిందికి దిగగానే చుట్టూ మూగి, సంబరానికి మా వాళ్లు చేసినట్టే, బుగ్గలకి పౌడరు పూసేశారు. వాన నీళ్లకి అది తెల్లగా కారిపోతోంది. ఆ తెలుపులోంచి మా ఆయన నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు. తల్లి చచ్చిపోయిన నాడు కూడా ఆయన ఏడవలేదు.

ముసలాయన కప్పు పోయిన గదిలో వానలోనే చిప్ప పట్టుకుని కూర్చున్నాడు, రాజులాగా.

హానెకె అది చూడలేకపోయింది. గబగబా టార్పాలిన్ మూట తెచ్చి ఆయన ముందు పెట్టింది. "దానికి బదులు ఇది తీసుకోండి. కొత్తదే" అంది.

నేను ఆయనకి చెప్పాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"బదులా? ఇదేమైనా దుకాణమా? నా మేనల్లుడు తీసుకున్నదానికి నాకు వెల ఇస్తుందా? తీసెయ్యమను!"

నవ్వులన్నీ ఆగిపోయాయి. వైసాకె తెరచాప భుజాన వేసుకుని అలాగే నిలబడిపోయాడు. ఇంకొక్క క్షణం ఆగితే దాన్ని మళ్లీ మామ కాళ్ల దగ్గర పెట్టేస్తాడని నాకు తెలుసు. ఆ మనిషిని నాకంటే ఎరిగినవాళ్లెవరు? హానెకె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి చెవిలో చెప్పాను.

"బదులు అనకండి. మా అత్తగారు పోయినప్పుడు మీరు రాలేదు కదా. ఇది ఆవిడకి తెచ్చానని చెప్పండి. కింద కూర్చుని చెప్పండి."

ఆవిడ నాకేసి ఒకసారి చూసింది. తడి నేల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. మూటని రెండు చేతులతో ముందుకి జరిపింది. మా భాష ఆవిడకి అంతంతే వచ్చు, వచ్చిన నాలుగు మాటల్లోనే చెప్పింది.

"మీ అక్క పోయినప్పుడు నేను రాలేకపోయాను. ఆవిడ నాకు చేపల పులుసు పెట్టేది. ఇది ఆవిడకి."

ముసలాయన ఆ మూటకేసి చూశాడు. తర్వాత ముందుకి వంగి, రెండు చేతులతో తాకి, మెల్లిగా చప్పట్లు కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా కొట్టారు. కుర్రాళ్లు టార్పాలిన్ తీసుకుని అప్పుడే కప్పెక్కేశారు.

"ఈమె మొగుడేడీ?" అని నన్నడిగాడు.

"పోయాడు మామా. వాళ్ల ఊళ్లో."

"ఎవరెవరొచ్చారు? ఎన్నాళ్లు కూర్చున్నారు?"

హానెకెని అడిగాను. ఆవిడ కాస్త ఆలోచించింది. "చాలామందే వచ్చారు. ముప్పావుగంట పట్టింది. తర్వాత కాఫీ ఇచ్చారు" అంది.

నేను చెప్పింది నమ్మలేక ఆయన మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. తల అడ్డంగా ఊపుతూ లేచి, లోపలికి వెళ్లి, అంచులకి రంగుల ఉన్ని కట్టిన చాప ఒకటి తెచ్చాడు. అక్క చావుకి మేం పంపిన చాపల్లోదే అది. ఆవిడ ముందు పరిచి, ఎదురుగా కూర్చుని మాట్లాడాడు. నీ ఇంటాయన చావుకి మేం రాలేకపోయాం, దూరం, మాకు కబురు అందలేదు, ఇది ఆయనకి అన్నాడు. వీమ్‌ని ఎన్నడూ ఎరగకపోయినా పేరు అడిగి మరీ ఆ పేరుతో అన్నాడు.

నేను ఒక్కో మాటా తిప్పి చెప్తున్నాను. సగంలో ఆగి కళ్లు తుడుచుకున్నాను. ఆవిడకి మిగతాది అర్థమైపోయినట్టుంది. లాంచీలో, బస్సులో, దారి పొడుగునా ఆ చాప ఎవరినీ మోయనివ్వలేదు.

* * *

మార్తా నీళ్లలోకి దిగింది. తెరచాప ఎక్కించాం. పడక మీద వీమ్ పడుకునే వైపు హానెకె ఆ చాప పరిచి, దాని మీద టోపీ పెట్టింది. గాలి తిరిగింది. మిగతా పడవలన్నీ ఒక్కొక్కటే పడమరకి వెళ్లిపోతున్నాయి. ఆవిడ మాత్రం ఇవాళ, రేపు అంటూ ఆగుతోంది. ఒంటరిగా పోవడానికి భయపడుతోందని నాకు అర్థమైంది, పైకి అనలేదు.

ఒక సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో యంగోనా వేళ్ల కట్ట. మా మర్యాద ప్రకారం తలుపు దగ్గర కింద కూర్చుని, కట్ట వైసాకె ముందు పెట్టింది.

"కేరెకేరె, వైసాకె" అంది.

ఆయన మామూలుగానే లేవబోయాడు. ఏం కావాలో వినకముందే లేవడం ఆయనకి అలవాటు.

"తోరికాని నాతో పంపు. వనువాటు రేవు వీలా దాకా. అక్కడ మా దేశం వాళ్లు ఇద్దరు నా పడవెక్కుతామన్నారు. అక్కణ్ణుంచి తనని విమానం ఎక్కించి పంపేస్తాను. ఆ పడవ అడుగున ప్రతి అంగుళం తను రుద్దింది. ఆ వాన రోజున నేను ఏం చెప్పాలో తనే చెప్పింది. నాకు ఇంకెవరూ వద్దు."

లేవబోయినవాడు కూర్చున్నాడు.

నాకు పాస్‌పోర్టు ఉంది. ఒకప్పుడు న్యూజిలాండ్ తోటల్లో పళ్లు కోయడానికి తీసుకెళ్తామంటే రాజధాని సువా దాకా పోయి తీయించుకున్నాను. వాళ్లు పిలవలేదు. అది బియ్యం డబ్బా వెనకాల పడి ఉంది. మా ఇంట్లో అన్నిటినీ ఎవరో ఒకరు అడిగారు. నన్ను అడిగినవాళ్లు లేరు.

వైసాకె ఆ వేళ్ల కట్టకేసి చూస్తున్నాడు. చెయ్యి చాపి తాకితే ఇచ్చినట్టే. తాకలేదు.

"కుదరదు మేడమ్" అన్నాడు.

నా చెవుల్ని నేనే నమ్మలేదు. పక్కింటి కంచె దగ్గర నిలబడి వింటున్న అలెసి కూడా "ఆఁ?" అంది గట్టిగా.

"ఇంకేదైనా అడగండి, ఇస్తాను. తోరికాని ఇవ్వను. ఈ ఇంట్లో ఇంకేం మిగిలింది మేడమ్, తను తప్ప!"

ఆ మాట కోసం నేను ఎన్నేళ్లు చూశానో ఆ దేవుడికే తెలుసు. కుట్టుమిషను పోయిననాడు చూశాను, రేడియో పోయిననాడు చూశాను. ఒక్కసారి కుదరదు అనవయ్యా అని కాళ్లా వేళ్లా పడ్డాను. ఇన్నాళ్లకి అన్నాడు, నా కోసమే అన్నాడు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు ఎంత సంతోషం వేసిందంటే కాసేపు దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాను. అన్ని ఏళ్ల అలసటా దిగిపోయినట్టయింది.

తర్వాత ముందుకి వంగి, ఆ వేళ్ల కట్టని నేను తాకాను. చప్పట్లు కొట్టాను.

"తోరికా!" అన్నాడు ఆయన.

"నోరు తెరిచి అడిగితే కాదనకూడదని నువ్వే కదా అంటావు?"

హానెకె మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది.

"ఎప్పుడొస్తావు?" అన్నాడు చివరికి, చాలా చిన్నగా.

"వానలు మొదలవకముందే వచ్చేస్తాలే."

వీలా దాకా దారి పొడుగునా వాంతులు చేసుకున్నాను. సముద్రం పక్కన పుట్టి పెరిగినదానివి నీకిదేమిటని హానెకె నవ్వింది. ఆవిడ నవ్వగా వినడం ఆ ఏట అదే మొదలు. నా వంతు వచ్చినప్పుడు చుక్కాని పట్టుకుని కూర్చుని, పైన ఆ మాసిక కేసి చూసేదాన్ని. గాలి నిండితే కుట్లు సాగేవి గానీ ఒక్కటీ ఊడలేదు.

తిరిగొచ్చేసరికి గడ్డి గీత పక్కన వైసాకె నిలబడి ఉన్నాడు, విమానం తలుపుకేసే చూస్తూ. దిగగానే నా సంచీ లాక్కున్నాడు. ఇంటికెళ్లి చూద్దును కదా, సామాను ఎక్కడిదక్కడే ఉంది. వెళ్లేముందు అలెసి దగ్గర్నుంచి తెచ్చుకున్న కుక్కర్ నా పొయ్యి మీదే ఉంది.

"ఎవరూ అడగలేదా?" అన్నాను.

"అందరూ అడిగారు" అన్నాడు. "తోరికా లేదు, తనని అడక్కుండా ఇవ్వలేను, వచ్చాక రండి అన్నాను."

అప్పుడు చూశాను గుమ్మం కేసి. మెట్ల మీద నలుగురు కూర్చుని ఉన్నారు. అందరికంటే ముందు అలెసి.

"బాగున్నావా తోరికా? ప్రయాణం బాగా జరిగిందా? చిక్కిపోయావే పాపం" అంది. "కేరెకేరె... ఆ కుక్కర్..."

నాకు ఒళ్లంతా నొప్పులు. ఇంకా నేల ఊగుతూనే ఉంది. వైసాకె గోడకేసి తిరిగి నవ్వాపుకుంటున్నాడు. ఇన్నేళ్లు ఆయన్ని తిట్టిన తిట్లన్నీ నా నోటి దాకా వచ్చాయి. అలెసి చేతులు ఒళ్లో పెట్టుకుని నా ముఖంలోకి చూస్తోంది.

"తీసుకుపో" అన్నాను. "రేపటికల్లా తెచ్చేయాలి సుమా."

ఇంకా తేలేదు.